హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకుంటే జిమ్ ఫీజు తగ్గుతుందట, ఎంతవరకు నిజం?

మియాపూర్_మెట్రో:
అందరికీ నమస్కారం. నా వయసు 38, ఐటీ ఉద్యోగం. ఇంట్లో నేను, నా భార్య, ఏడేళ్ల బాబు. ఆఫీసు వాళ్ల గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది కానీ ఉద్యోగం పోతే అది కూడా పోతుంది కాబట్టి సొంతంగా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంట్లో అందరికీ కలిపి ఒకే పాలసీ) తీసుకుందామనుకుంటున్నాను. ఈ మధ్య చెకప్‌లో బీపీ బోర్డర్‌లో ఉందని, బరువు తగ్గమని డాక్టర్ గట్టిగా చెప్పారు. అందుకే జిమ్‌లో చేరాలి.

ఈ రెండు పనులూ కలిపి అయిపోతాయని ఇద్దరు ఏజెంట్లు చెబుతున్నారు. ఒకాయన ప్లాన్‌లో జిమ్ సభ్యత్వం మీద 50 శాతం తగ్గింపు ఉందట. రెండో ఆయన "మా ప్లాన్ తీసుకోండి సార్, మీ ఇంటి పక్క జిమ్‌కి ఏడాది ఫీజు నేనే కడతాను" అంటున్నారు. ఇంకో కంపెనీ యాప్‌లో ప్రీమియం 100 శాతం వరకు వెనక్కి అని ఉంది. ఏది నమ్మాలో అర్థం కావడం లేదు. నిజంగా వాడుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

లెక్కల_మాస్టారు:
ముందు కాగితం మీద లెక్క వేసుకోండి. ఊరికే ఉదాహరణకి చెబుతున్నాను. జిమ్ తగ్గింపు లేని పాలసీ 24,000, ఉన్న పాలసీ 31,000 అనుకుందాం. జిమ్ బోర్డు మీద ఏడాదికి 20,000 అని ఉంటుంది, పాలసీ ద్వారా వెళ్తే సగం, అంటే 10,000. పదివేలు మిగిలిందనిపిస్తుంది. కానీ బోర్డు మీద రేటు ఎవరు కడుతున్నారు? జనవరిలోనో దసరాకో నేరుగా వెళ్లి మాట్లాడితే అదే జిమ్ 13,000కి ఇస్తుంది. అంటే మీకు నిజంగా మిగిలింది 3,000. దానికోసం ప్రీమియం 7,000 ఎక్కువ కట్టారు.

అందుకే పాలసీ చెప్పకుండా ముందు జిమ్‌కి వెళ్లి ఆఖరి రేటు అడగండి. ఆ రేటుతో పోల్చినప్పుడు వచ్చే తేడాయే అసలు తగ్గింపు.

క్లెయిమ్స్_డెస్క్:
నేను ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిమ్స్ విభాగంలో పని చేశాను. రెండో ఏజెంట్ గారి మాట గురించి ముందు చెప్పాలి. పాలసీ కొన్నందుకు తన కమీషన్‌లోంచి జిమ్ ఫీజు కడతాననడం ఇన్సూరెన్స్ చట్టం, 1938 సెక్షన్ 41 ప్రకారం నిషేధం. దీన్ని రిబేటింగ్ అంటారు. ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా తప్పే. జరిమానా 10 లక్షల వరకు ఉంది. మీ ప్రపోజల్ ఫారంలో (పాలసీ దరఖాస్తులో) చివర్లో ఈ సెక్షన్ మొత్తం అచ్చు వేసి ఉంటుంది, ఎవరూ చదవరు. దయచేసి ఆ ఆఫర్ వదిలేయండి.

మొదటిది వేరు. కంపెనీయే పాలసీలో భాగంగా, రాతపూర్వకంగా, ఆ ప్లాన్ తీసుకున్న అందరికీ ఇచ్చే వెల్‌నెస్ సదుపాయం చట్టబద్ధమే. 2020 సెప్టెంబరులో ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. జిమ్‌లు, యోగా సెంటర్లు, స్పోర్ట్స్ క్లబ్బుల సభ్యత్వానికి వోచర్లు ఇవ్వొచ్చు, వ్యాయామం చేసినందుకు రెన్యువల్ ప్రీమియం తగ్గించొచ్చు, లేదా సమ్ ఇన్సూర్డ్ (కవరేజీ మొత్తం) పెంచొచ్చు.

కాబట్టి మీరు అడగాల్సింది ఒక్కటే. "ఇది పాలసీ వర్డింగ్స్‌లో (పాలసీ షరతుల పత్రంలో) ఏ పేజీలో ఉంది, చూపించండి." కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని కొన్ని పేజీల కాగితం ప్రతి పాలసీతో ఇస్తారు. అక్కడా లేక, వర్డింగ్స్‌లోనూ లేక, వాట్సాప్ ఫొటోలో మాత్రమే ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

బరువుల_బ్యాచ్:
నేను వాడుతున్నాను అన్నా. ఆదిత్య బిర్లా వాళ్ల యాక్టివ్ హెల్త్. అందులో హెల్త్ రిటర్న్స్ అని ఉంటుంది. పాత ప్లాన్‌లో ప్రీమియంలో 30 శాతం వరకు, వాళ్లదే యాక్టివ్ వన్ అనే ప్లాన్‌లో 100 శాతం వరకు అంటున్నారు. అది అకౌంట్‌లో పడే నగదు కాదు. రెన్యువల్ ప్రీమియానికో, మందులకో, టెస్టులకో వాడుకోవాలి.

ఇందులో అందరూ తడబడే చోటు ఒకటి ఉంది. ఒక రోజు "యాక్టివ్ డే"గా లెక్కలోకి రావాలంటే 10,000 అడుగులు వేయాలి, లేదంటే వ్యాయామంలో 300 కేలరీలు ఖర్చు కావాలి, లేదంటే జిమ్‌లో అరగంట సెషన్ నమోదు కావాలి. నడిచేవాళ్లకి ఇబ్బంది లేదు. నాలాగా బరువులు ఎత్తేవాళ్లకి గంటన్నర చెమటోడ్చినా ఫోన్‌లో రెండు మూడు వేల అడుగులు కూడా పడవు. స్క్వాట్ చేస్తే అడుగు ఎక్కడ పడుతుంది! ఫోన్ లాకర్‌లో పెడితే అవీ ఉండవు. అందుకే గుండె వేగం కొలిచే వాచీ ఉండాలి, వర్కౌట్ మొదలుపెట్టేటప్పుడు అందులో స్టార్ట్ నొక్కాలి, వాచీ యాప్ నుంచి ఫోన్‌లోని హెల్త్ కనెక్ట్ (ఆండ్రాయిడ్) యాప్‌కో ఆపిల్ హెల్త్‌కో, అక్కడి నుంచి ఇన్సూరెన్స్ యాప్‌కి లెక్క చేరాలి. ఈ గొలుసులో ఎక్కడ తెగినా ఆ రోజు పోయినట్టే. ఫోన్ మార్చినప్పుడల్లా పర్మిషన్లు మళ్లీ ఇవ్వాలి.

పాలసీలో పెద్దవాళ్లు ఇద్దరుంటే ఇద్దరి లెక్కా విడివిడిగా చూస్తారు. ఒక్కరు జిమ్‌కి వెళ్లి ఇద్దరి ప్రీమియం తగ్గాలంటే కుదరదు.

మియాపూర్_మెట్రో:
చాలా థ్యాంక్స్ అండి. సెక్షన్ 41 సంగతి అసలు తెలియదు. ఆయనకి ఇవాళే వద్దని చెప్పేస్తాను.

@బరువుల_బ్యాచ్, అయితే జిమ్ ఫీజు మీద తగ్గింపు అంటూ విడిగా లేదా?

బరువుల_బ్యాచ్:
యాప్‌లో పార్ట్‌నర్ ఆఫర్లు కనిపిస్తుంటాయి కానీ అవి మారుతుంటాయి. నేను వాటిని లెక్క వేసుకోను. ఇండియాలో మనకి ఎక్కువగా దొరికేది జిమ్ ఫీజు మీద తగ్గింపు కాదు, వ్యాయామం చేసినందుకు ప్రీమియం మీద తగ్గింపు. కేర్ సుప్రీమ్‌లో, నివా బూపా రీఅష్యూర్ 2.0లో కూడా అడుగుల లెక్కను బట్టి రెన్యువల్ ప్రీమియం 30 శాతం వరకు తగ్గుతుంది. కేర్‌లో అది విడిగా డబ్బు కట్టి తీసుకోవాల్సిన యాడ్-ఆన్, చూసుకోండి.

లకారం_నడక:
మాది ఖమ్మం. ఇక్కడ ఏ కంపెనీ లిస్టు తీసినా పార్ట్‌నర్ జిమ్‌లు హైదరాబాద్‌లో పేజీలకు పేజీలు, మన ఊళ్లో ఒకటో అరో. అదీ ఊరికి ఆ చివర. ఏజెంట్ చూపించే బ్రోషర్‌లో ఈ సంగతి ఉండదు. చిన్న ఊళ్ల వాళ్లు కొనేముందే పిన్‌కోడ్ కొట్టి చూడండి.

నేనైతే అడుగుల మీద తగ్గింపు ఇచ్చే పాలసీ తీసుకుని పొద్దున్నే లకారం ట్యాంక్‌బండ్ మీద నడుస్తున్నాను. మున్సిపల్ పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు పెట్టారు, వాటికి ఫీజే లేదు. మా ఊరివాళ్లకి నేను చెప్పేది ఇదే.

నిజాంపేట_రోడ్:
నా అభిప్రాయం వేరు. ఇదంతా మార్కెటింగ్. యవ్వనంలో ఉన్నవాళ్లని, ఫిట్‌గా ఉన్నవాళ్లని ఆకర్షించడానికి కంపెనీలు చేసే ఏర్పాటు. వాళ్లు క్లెయిమ్‌లు తక్కువ చేస్తారు కదా. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకి పదివేల అడుగులు ఎలా సాధ్యం? ఆమె కట్టే ప్రీమియం ఎప్పటికీ తగ్గదు. పైగా మనం ఎప్పుడు లేచాం, ఎంత నడిచాం, గుండె ఎంత కొట్టుకుంది అన్నీ వాళ్ల చేతికి ఇస్తున్నాం.

గుంటూరు_అక్క:
@నిజాంపేట_రోడ్ గారూ, మీ అమ్మగారి విషయంలో మీరు చెప్పింది న్యాయమే. అడుగుల లెక్క పెద్దవాళ్లకి పనికిరాదు, వాళ్ల కోసం యోగా, ఫిజియోథెరపీ లాంటివి లెక్కలోకి తీసుకోవాలి. కానీ మొత్తం మార్కెటింగ్ అని కొట్టిపారేయలేం. మా ఇంట్లో మావారికి డాక్టర్ చెప్పినా, నేను చెప్పినా కదిలేవారు కాదు. రెన్యువల్‌లో డబ్బు తగ్గుతుందని తెలిశాక రాత్రి భోజనం చేసి వీధిలో నడవడం మొదలుపెట్టారు. ఇప్పుడు షుగర్ మందు డోసు తగ్గించారు. ఏ కారణంతో మొదలుపెట్టినా నడక నడకే కదండీ.

లీసెస్టర్_లో_తెలుగు:
ఈ పద్ధతి మనకి కొత్త కానీ బయట పాతదే. దక్షిణాఫ్రికాలో డిస్కవరీ అనే ఇన్సూరెన్స్ సంస్థ 1997లో వైటాలిటీ పేరుతో మొదలుపెట్టింది. వ్యాయామం చేస్తే పాయింట్లు, ఆ పాయింట్లతో జిమ్ ఫీజు తగ్గింపు. అదే సంస్థ ఇప్పుడు బ్రిటన్‌లోనూ ఉంది. ఆదిత్య బిర్లా హెల్త్‌లో విదేశీ భాగస్వామి కూడా దక్షిణాఫ్రికా కంపెనీయే, మొమెంటమ్ వాళ్లు.

ఇక్కడ బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య వ్యవస్థ) వైద్యం ఉచితం కాబట్టి ప్రైవేట్ ఇన్సూరెన్స్ కొనాలంటే జనానికి ఏదో ఒక కారణం కావాలి. అందుకే నఫీల్డ్ హెల్త్, వర్జిన్ యాక్టివ్ లాంటి పెద్ద జిమ్‌లలో ఫీజు తగ్గింపు ముందు పెట్టి అమ్ముతారు. ఖరీదైన జిమ్‌కి ఎలాగూ వెళ్తున్నవాళ్లకి లాభమే. నెలకి 25 పౌండ్లకి దొరికే సాదా జిమ్‌తో సరిపెట్టుకునేవాళ్లకి, సగం ధర పెట్టినా ఆ ఖరీదైన జిమ్మే ఎక్కువ పడుతుంది.

డాలస్_నాన్న:
అమెరికాలో మూడో రకం. ఆఫీసు ఇన్సూరెన్స్ కొన్నిటిలో ఫిట్‌నెస్ రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. మనం జిమ్‌కి డబ్బు కట్టి, వెళ్లినట్టు చూపిస్తే కొంత వెనక్కి ఇస్తారు. ఆక్స్‌ఫర్డ్ అనే కంపెనీ ఇన్సూరెన్స్ ప్లాన్లలో ఆరు నెలల్లో 50 సార్లు వెళ్తే 200 డాలర్లు వరకు అన్నది బాగా తెలిసిన నియమం. వెళ్లనివాడికి పైసా రాదు, నాకు ఈ పద్ధతే సరైందనిపిస్తుంది.

65 దాటినవాళ్లకి సిల్వర్ స్నీకర్స్ అనే జిమ్ సదుపాయం ఉంది, 1992 నుంచి నడుస్తోంది. మెడికేర్ అంటే ఇక్కడ పెద్దవాళ్లకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్; దాన్నే ప్రైవేట్ కంపెనీల ద్వారా తీసుకుంటే మెడికేర్ అడ్వాంటేజ్. చాలా అడ్వాంటేజ్ ప్లాన్లలో జిమ్ సభ్యత్వం పూర్తిగా ఉచితం. మామూలు ఒరిజినల్ మెడికేర్‌లో ఉండదు. ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నల గురించి మనవాళ్లు తరచూ అడుగుతుంటారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు తీసుకునే ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ఇవేవీ రావు. గ్రీన్ కార్డ్ ఉన్నా, ఇక్కడ పని చేసిన చరిత్ర లేకపోతే, వరసగా ఐదేళ్లు నివాసం ఉన్నాకే 65 దాటినవాళ్లు మెడికేర్ కొనుక్కోగలరు. మెడికేర్‌లో పార్ట్ ఎ (హాస్పిటల్), పార్ట్ బి (డాక్టర్) రెండూ ఉంటేనే అడ్వాంటేజ్ ప్లాన్.

మియాపూర్_మెట్రో:
ఇంకో సందేహం. ఈ వెల్‌నెస్ ప్లాన్లలో ఏటా హెల్త్ అసెస్‌మెంట్ చేస్తామంటున్నారు. రక్త పరీక్ష, బీపీ, నడుము కొలత అన్నీ. రేపు అందులో షుగర్ బయటపడితే? రెన్యువల్ ఆపేస్తారా, ప్రీమియం పెంచుతారా? నిజం చెప్పాలంటే నా టెన్షన్ అంతా దీని గురించే. నాన్నగారికి, బాబాయికి ఇద్దరికీ షుగర్ ఉంది.

క్లెయిమ్స్_డెస్క్:
చాలా ముఖ్యమైన ప్రశ్న, అందుకే వివరంగా రాస్తున్నాను.

పాలసీ మొదలైన తర్వాత కొత్తగా బయటపడిన జబ్బు "ముందునుంచీ ఉన్న జబ్బు" కిందకి రాదు. పాలసీ తీసుకోవడానికి ముందు 36 నెలల్లో డాక్టర్ నిర్ధారించిందో, చికిత్స జరిగిందో అయితేనే అలా అంటారు. కాబట్టి రెండో ఏడు అసెస్‌మెంట్‌లో షుగర్ కనిపిస్తే భయపడాల్సింది లేదు. ఆ కారణంతో రెన్యువల్ నిరాకరించడానికి వీల్లేదు. మోసం చేశారనో, నిజాలు దాచారనో తేలితే తప్ప. మీ ఒక్కరి క్లెయిమ్‌లు చూసి మీ ఒక్కరికే ప్రీమియం పెంచడం కూడా కుదరదు. పెంచితే ఆ ప్లాన్‌లో అందరికీ పెంచాలి, లేదంటే వయసు శ్లాబు మారినప్పుడే పెంచాలి. అసెస్‌మెంట్ ఫలితం బాగా లేకపోతే మీకు వచ్చే రివార్డు శాతం తగ్గుతుంది, అంతే.

కానీ రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, మీరు వేరే కంపెనీకి పోర్ట్ అవ్వాలన్నా, సమ్ ఇన్సూర్డ్ పెంచాలన్నా అక్కడ మళ్లీ పరిశీలన ఉంటుంది. షుగర్ ఉందని చెప్పి తీరాలి. వాళ్లు కాదనొచ్చు. అందుకే కవరేజీ మొదట్లోనే సరిపడా తీసుకోండి. జిమ్ తగ్గింపు కోసం 10 లక్షల బదులు 5 లక్షల ప్లాన్‌కి దిగిపోవద్దు.

రెండోది మీ బీపీ. బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పారని మీరే రాశారు. ఆ మాట ప్రపోజల్ ఫారంలో రాయండి, రిపోర్టు జతచేయండి. ఏజెంట్ "అది బీపీ కాదు సార్, వదిలేయండి" అంటాడు. వినకండి. క్లెయిమ్ నిలిపేసిన ఫైళ్లు నేను చూసినవాటిలో ఎక్కువ ఇలాంటి మాట వల్లే ఆగాయి. నిజం చెబితే మహా అయితే వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకి క్లెయిమ్ ఇవ్వని కాలం) పెడతారు. 2024లో వచ్చిన మార్పుతో అది 3 ఏళ్లకి మించకూడదు. వరసగా ఐదేళ్లు కట్టాక, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదనే కారణంతో క్లెయిమ్ కొట్టేయలేరు. ఇంతకుముందు ఇది ఎనిమిదేళ్లు ఉండేది.

నిజాంపేట_రోడ్:
ఈ వివరణ బాగుంది. మరి డేటా సంగతి?

క్లెయిమ్స్_డెస్క్:
2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై చేశారు. సమ్మతి లేకుండా తీసుకోకూడదు, ఇచ్చిన సమ్మతిని మీరు వెనక్కి తీసుకోవచ్చు అని అందులో ఉంది, కానీ ఈ భాగం అమల్లోకి వచ్చేది నోటిఫై చేసిన 18 నెలలకి. వెల్‌నెస్ ప్రోగ్రాం ఐచ్ఛికం. యాప్ పెట్టుకోకపోయినా మీ హాస్పిటల్ కవరేజీకి ఏమీ కాదు. మీకు ఇష్టం లేకపోతే అడుగులు తప్ప మిగతా పర్మిషన్లు ఆపేయండి. లొకేషన్ అయితే జిమ్ చెక్-ఇన్ అప్పుడు తప్ప ఇవ్వక్కర్లేదు.

లెక్కల_మాస్టారు:
పన్నుల సంగతి కూడా చెబుతాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే హెల్త్ ఇన్సూరెన్స్ మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. అదే రోజు నుంచి జిమ్‌ల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. జిమ్ బిల్లు మీద ఇప్పటికీ 18 అని ఉంటే అడగండి. టర్నోవర్ 20 లక్షల లోపు ఉన్న చిన్న జిమ్‌లు రిజిస్టర్ అవ్వక్కర్లేదు, వాళ్లు జీఎస్టీ వసూలు చేయకూడదు కూడా.

హెల్త్ ఇన్సూరెన్స్ మీద వచ్చే ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు (పాత చట్టంలో 80డి) కింద జిమ్ ఫీజు రాదు. ప్రీమియం మాత్రమే వస్తుంది, 25,000 వరకు, తల్లిదండ్రులు సీనియర్ సిటిజన్లయితే వాళ్లకి విడిగా 50,000. అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే.

గుంటూరు_అక్క:
@మియాపూర్_మెట్రో తమ్ముడూ, ఆఫీసు హెచ్‌ఆర్‌ని ఒకసారి అడిగావా? మా మరిది కంపెనీలో గ్రూప్ పాలసీతో పాటు వెల్‌నెస్ కింద జిమ్ పాస్ ఇస్తున్నారు, ఆయనకి ఎప్పుడూ తెలియదు. మెయిల్స్‌లో ఎక్కడో ఉంది. సొంత పాలసీకి ఎక్కువ కట్టకుండా జిమ్ పని అక్కడ అయిపోతుందేమో చూడు.

మియాపూర్_మెట్రో:
అడిగాను అక్కా. ఉంది! పార్ట్‌నర్ జిమ్‌లలో ఉద్యోగులకి తగ్గింపు రేటు, మా ఆఫీసు దగ్గర ఒక బ్రాంచి కూడా ఉంది. ఆ రేటు నేను బయట మాట్లాడిన ఆఖరి రేటు కంటే తక్కువే. కాబట్టి జిమ్ అక్కడ. సొంత పాలసీకి గది అద్దె పరిమితి లేనిది, కో-పే (ప్రతి బిల్లులో మనం కట్టే వాటా) లేనిది, మా చుట్టుపక్కల హాస్పిటల్స్‌లో క్యాష్‌లెస్ ఉన్నది చూస్తున్నాను. బీపీ రిపోర్టు జతచేసి పంపిస్తాను.

క్లెయిమ్స్_డెస్క్:
మంచి నిర్ణయం. పాలసీ కాగితాలు చేతికి వచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ (నచ్చకపోతే వెనక్కి ఇచ్చేసే గడువు) ఉంటుంది. ఆ లోపు ప్రపోజల్ ఫారం కాపీ తీసి మీరు చెప్పిన బీపీ అందులో నమోదైందో లేదో చూసుకోండి. లేకపోతే వెంటనే మెయిల్ చేయండి.

దిల్‌సుఖ్‌నగర్_బస్టాప్:
ఆలస్యంగా వచ్చాను, నాకూ ఒక సమస్య ఉంది. ఇన్సూరెన్స్ యాప్‌లో ఉన్న పార్ట్‌నర్ జిమ్‌లో తగ్గింపు రేటుకి ఏడాది ఫీజు కట్టాను. కొద్ది నెలలకే ఆ బ్రాంచి మూసేశారు. జిమ్ వాళ్లు దూరంగా ఉన్న ఇంకో బ్రాంచికి రమ్మంటున్నారు, ఇన్సూరెన్స్ వాళ్లు మాకు సంబంధం లేదంటున్నారు. ఇంకోపక్క, అక్కడ చేసిన సెషన్ల పాయింట్లు కూడా యాప్‌లో పడలేదు. ఎవరిని అడగాలి?

క్లెయిమ్స్_డెస్క్:
రెండూ వేరు వేరు ఫిర్యాదులు, కలపకండి.

ఫీజు డబ్బు జిమ్‌కి కట్టారు కాబట్టి అది వినియోగదారుల వివాదం. మిగిలిన నెలల డబ్బు వెనక్కి ఇవ్వమని ముందు జిమ్‌కి మెయిల్ పెట్టండి, రసీదు, బ్రాంచి పేరు జతచేయండి. స్పందన లేకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు చెల్లింపులకి ఫిర్యాదు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు.

పాయింట్లు మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత, అవి పాలసీలో రాసి ఉన్నాయి కాబట్టి. సెషన్ చేసిన రోజుల స్క్రీన్‌షాట్లతో కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి, ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా ఫిర్యాదుల పోర్టల్‌లోనో 155255కి ఫోన్ చేసో నమోదు చేయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్స్ ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) దగ్గరకి వెళ్లొచ్చు, అక్కడ కూడా ఫీజు లేదు. రెన్యువల్ తేదీ దగ్గరపడే లోపు రాయండి, ఎందుకంటే తగ్గింపు లెక్క కట్టేది అప్పుడే.